జెండా వందనానికి రానన్న మనవరాలు: గుంటూరు నుంచి ఒక కేస్ స్టడీ

నేను గుంటూరులో ఫ్యామిలీ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఇంటర్ పిల్లల చదువుల టెన్షన్, భార్యాభర్తల గొడవలు, మందు అలవాటు, ఆస్తి పంపకాల్లో విడిపోయిన అన్నదమ్ములు. చరిత్ర గురించి పోట్లాడుకుని మాటలు మానేసిన కుటుంబాన్ని చూడటం అదే మొదటిసారి. దేశం మీద ప్రేమ ఒకరిలో, దేశంలో జరిగిన అన్యాయం మీద కోపం మరొకరిలో గట్టిపడి ఒకే ఇంట్లో గోడ లేస్తే ఏం చేయాలో మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఇలాంటి గొడవలతో వేరే ఇళ్ల నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి కాబట్టి తోటి కౌన్సెలర్లకు, టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కుటుంబం అనుమతి తీసుకున్నాను. ఊరు, వయసులు, ఉద్యోగాలు, గుర్తుపట్టే వీలున్న ప్రతి వివరం మార్చాను. చరిత్రలోని పేర్లు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

తాతయ్యకు డెబ్బై అయిదేళ్లు దాటాయి. తెనాలి వైపు ఒక డెల్టా ఊరి హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో పొలం ఉన్న కుటుంబం, నలుగురిలో మాట చెల్లే మనిషి. భార్య పోయాక గుంటూరులో కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్లు కావడంతో మనవరాలిని పెంచింది దాదాపుగా ఆయనే. ఆ అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం.

ఆయన నోట పెదనందిపాడు కథ వినని బంధువు లేడు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టేది లేదని కూర్చోవడం, గ్రామాధికారులు రాజీనామాలు ఇవ్వడం, దొర జప్తులకు దిగినా ఊళ్లు బెదరకపోవడం కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆయన తండ్రి కుర్రతనంలో ఆ వాలంటీర్లకు మంచినీళ్లు మోశారట. పల్నాడులో పుల్లరి, అంటే అడవిలో పశువుల మేత మీద పన్ను, కట్టనన్న కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఆయన గొంతు పూడుకుపోతుంది. ప్రతి ఆగస్టు పదిహేనుకు మనవరాలిని వెంటబెట్టుకుని తాను పనిచేసిన స్కూలుకు వెళ్తారు. ఆయన ప్రసంగం చేస్తారు, ఆ పిల్ల ప్రతిజ్ఞ చెప్పిస్తుంది. చిన్న తరగతుల నుంచీ అదే ఆనవాయితీ.

సమస్య

తల్లి తీసుకొచ్చింది. "మేడమ్, అమ్మాయి సరిగా తినట్లేదు. వాళ్ల తాతయ్యతో మాటల్లేవు. ఆయనా పంతానికి పోయి కంచం గదిలోకి తెప్పించుకుంటున్నారు" అంది. నిద్ర, చదువు, స్నేహాలు, ఫోన్ వాడకం అన్నీ అడిగాను. డిప్రెషన్ ఏమైనా ఉందేమోనని చూశాను. నిద్ర బాగానే ఉంది, మార్కులు తగ్గలేదు, కాలేజీలో మామూలుగానే తింటోంది. తినలేకపోతున్నది ఇంట్లో, అదీ రాత్రి భోజనాల దగ్గర. కాబట్టి ఆ భోజనాల దగ్గర ఏం జరిగిందో ముందు తెలుసుకోవాలనుకున్నాను.

ఆగస్టు మొదటి వారంలో ఆ అమ్మాయి ఫోన్‌లో చుండూరు గురించి ఒక వీడియో చూసింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి, కాలువలో, పొలాల్లో పడేశారు. అంతకుముందు సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ, ఆ తర్వాత దళితవాడ మీద సాంఘిక బహిష్కరణ. కేసు విచారణకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది, ఆ తీర్పు మీద అదే ఏడాది సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఇవేవీ ఆ పిల్ల అంతవరకూ వినలేదు. చుండూరుకూ తాతయ్య పనిచేసిన ఊరికీ ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకుంది. సైకిల్ మీద వెళ్లి రాగల దూరం.

ఆ రాత్రి "తాతయ్యా, ఇది నీకు తెలుసా?" అని అడిగింది. "తెలుసు" అన్నారు. "మరి నాకెందుకు చెప్పలేదు?" దానికి జవాబు లేదు. 1985లో దళితుల హత్యలు జరిగిన కారంచేడును కూడా ఆమె ఎత్తింది. ఆయన తెల్లదొరల దాకా వెళ్లారు, ఆమె మళ్లీ ఊరి దగ్గరికి లాక్కొచ్చింది. చివరికి "ఈసారి జెండా వందనానికి నేను రాను. ఇన్నాళ్లూ నాతో చెప్పించినవన్నీ అబద్ధాలు" అంది. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు. దేశద్రోహుల మాటలు ఇవి" అన్నారు ఆయన. ఒడిలో కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పిన మనిషి నోట ఆ మాట రావడం ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఫలితం ఇవ్వని ప్రయత్నాలు

ముందు ఇంట్లో వేడి తగ్గాలి అనుకున్నాను. కోపం మీద ఉన్నప్పుడు ఎవరి మాటా ఎవరికీ చెవికెక్కదు. అందుకని భోజనాల దగ్గర ఈ విషయం ఎత్తకూడదని ఇద్దరి చేతా ఒప్పించాను. ఆస్తి గొడవల్లో ఇది చాలాసార్లు పనిచేస్తుంది. ఇక్కడ పనిచేయలేదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని తిన్నారు, "పెరుగు అందుకో అమ్మా" దాకా మాటలు వచ్చాయి, అంతకుమించి ఒక్క అడుగు కదల్లేదు. దీనికి కారణం ఆ అమ్మాయే చెప్పింది: "ఆయన దాచారనే కదా నా బాధ. మీరు ఇంకొన్నాళ్లు దాచమంటున్నారు." ఆమె మాట న్యాయమైనది. గాయం తగిలిందే మౌనం వల్ల అయినప్పుడు మౌనాన్ని మందుగా ఇవ్వడం కుదరదు.

తర్వాత వాస్తవాల దారి పట్టాను. వీడియోలో అతిశయోక్తి ఉందని ఆయన అనుకుంటున్నారేమో, అచ్చులో ఉన్న సమాచారం ఇద్దరూ కలిసి చదివితే ఒక చోటికి వస్తారేమో అనేది నా ఆలోచన. ఆయన మొదటి కొద్ది నిమిషాల్లోనే అన్నీ ఒప్పేసుకున్నారు. ఒప్పుకుని వెంటనే వేరే చోటికి వెళ్లిపోయారు. జలియన్‌వాలాబాగ్ సంగతేంటి, అమెరికాలో నల్లవాళ్లను ఏం చేశారు, ఏ దేశంలో లేదు ఇది... ఆమె దేనికదే జవాబు తెచ్చుకుని వచ్చింది. గది కోర్టు హాలైపోయింది.

కానీ ఆ సెషన్‌లో నాకొక విషయం కనపడింది. తెలియని మనిషి అడుగుతాడు, నమ్మని మనిషి వాదిస్తాడు. ఈయన అడగలేదు, ఆ సంఘటన జరగలేదని వాదించనూ లేదు. అక్కడి నుంచి పారిపోతున్నారు. ఎందుకు పారిపోతున్నారన్న ప్రశ్నతో ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టాను. కేసు మలుపు తిరిగింది అక్కడే.

తాతయ్యతో

దేశం గురించి, చుండూరు గురించి ఏమీ అడగలేదు. "మాస్టారూ, ఆ నెలలో మీ స్కూలు ఎలా ఉందండీ?" అని మాత్రం అడిగాను. చాలాసేపటి తర్వాత మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచి వాళ్ల ఊళ్లో కూడా వాడ పిల్లలు బడికి రావడం మానేశారు. భయం. తొమ్మిదో తరగతిలో వెనక వరసలు ఖాళీ. ఈయన హాజరు పిలిచేవారు. పలుకు లేకపోతే ఆబ్సెంట్ వేసి తర్వాతి పేరు పిలిచేవారు. వాడకు వెళ్లి "పిల్లల్ని పంపండి, నేనున్నాను" అని ఒక్క మాట చెప్పగల మనిషి ఆయన. వెళ్లలేదు. తన వాళ్లు ఏమంటారోనని భయపడ్డారు. ఎందుకు రావట్లేదని స్టాఫ్ రూమ్‌లో ఎవరూ అడగలేదు, ఈయనా అడగలేదు. ఆరో తేదీ నుంచి పదిహేనో తేదీకి తొమ్మిది రోజులు. పదిహేనున జెండా ఎగరేసి, ఎప్పటిలాగే పెదనందిపాడు గురించి మాట్లాడారు. వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఆ ఏడాది నుంచి ఆ ప్రసంగంలో ఒక్క ముక్క మార్చలేదమ్మా. మార్చడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో నాకు తెలియదు" అన్నారు.

ఆయనలో ఉన్నది అజ్ఞానమో పొగరో అని నేను కేసు మొదట్లో అనుకుని ఉంటే తప్పు పట్టడానికి ఎవరూ లేరు. చూడటానికి అలాగే ఉంటుంది. లోపల ఉన్నది సిగ్గు, దాన్ని దించుకునే చోటు లేకపోవడం. పెదనందిపాడు రైతుల తెగువ నిజం, దాని మీద ఆయన గర్వమూ నిజమే. ఖాళీ బెంచీల సంగతి ఒప్పుకుంటే ఆ గర్వం కూడా కొట్టుకుపోతుందని ఆయన భయం. అందుకే ఒకదాన్ని అడ్డం పెట్టి రెండోదాన్ని ముప్పై ఏళ్లకు పైగా కాపాడుకుంటూ వచ్చారు. ఇలాంటి మనిషి ముందు ఎన్ని రుజువులు పెడితే ఆ అడ్డం అంత బలపడుతుంది.

అమ్మాయితో

ఆమెకు మన బళ్లలో చెప్పే ప్రతిజ్ఞ ముందు పెట్టాను. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసింది అది. వరస వరసా చదివి, నోరు రాని చోట ఆగమన్నాను. భారతీయులందరూ నా సహోదరులు అన్న రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది. "మరి ఆ ఎనిమిది మంది?" అంది. ఏడ్చింది కూడా.

"ఆ వాక్యాన్ని నువ్వు నిజంగా నమ్మావు కాబట్టే ఇంత నొప్పి" అన్నాను. నమ్మకుండా వల్లించిన పిల్లలకు చుండూరు ఒక పాత వార్త, చూసి పక్కకు జరిపేస్తారు. అన్నం సయించకపోవడం ప్రేమ ఉన్నవాళ్లకే జరుగుతుంది. తర్వాత చివరిదాకా చదవమన్నాను. ఈ దేశ వారసత్వానికి తగిన అర్హత సంపాదించుకోవడానికి ఎప్పుడూ కృషి చేస్తానన్న వాక్యం ఉంది కదా, అది చెప్పగలనంది. సరే, ప్రస్తుతానికి అది చాలు అన్నాను.

సాధారణంగా మేం సెషన్‌లో సొంత అభిప్రాయాలు చెప్పం. ఇక్కడ చెప్పాలని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే నేను ఏమీ మాట్లాడకపోతే, దాచే పెద్దవాళ్లలో మరొకరిగా ఆమెకు కనపడతాను. "నాకు ఈ దేశం అంటే ప్రేమ. ఈ జిల్లా అంటే ఇంకా ఎక్కువ. చుండూరు పేరు వింటే సిగ్గుతో తల దించుకుంటాను. ఒకదాని కోసం రెండోది వదులుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు" అన్నాను. ఆమె మొదటిసారి నన్ను ప్రశ్నలు అడిగింది.

పనిచేసిన పద్ధతి

భయాలకు మేం వాడే మెట్ల పద్ధతినే తీసుకున్నాను: తక్కువ వేడి ఉన్నచోట మొదలుపెట్టి, అలవాటైన కొద్దీ దగ్గరికి రావడం. చుండూరు ఆఖరి మెట్టు. దానికి ఒక నియమం జోడించాను. ప్రతి మెట్టు దగ్గరా ఒకే చరిత్రను ఇద్దరూ చెప్పాలి. బాధ కలిగించే భాగం తాతయ్య చెప్పాలి, గర్వించే భాగం మనవరాలు చెప్పాలి. ఎదుటివాళ్లు చెబుతుంటే మనం అడ్డుకోవడానికి సిద్ధమవుతాం. మన నోటితో మనమే చెప్పాల్సి వస్తే దాన్ని మోయక తప్పదు. ఇద్దరూ మొహమాటంగానే ఒప్పుకున్నారు.

మొదటి మెట్టు అమరావతి. అక్కడి స్తూపం రాళ్లను ఇంగ్లీషు వాళ్లు మద్రాసుకు, లండన్‌కు తరలించుకుపోయారని ఆయన తన సర్వీసంతా చెప్పారు. అది నిజమే, ఆ శిల్పాలు ఇప్పటికీ చెన్నైలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆయన చెప్పాల్సిన భాగం వేరే: 1797లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చే సరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాలకు రాయి కోసం ఆ దిబ్బను తవ్వుతున్నారు. "నాకు తెలుసు. పిల్లలకు చెప్పేటప్పుడు తప్పు చేసినవాడు ఒక్కడే ఉంటే పాఠం తేలిగ్గా ఉంటుంది" అన్నారు.

మనవరాలి వంతు వచ్చినప్పుడు నేనూ ఊహించనిది జరిగింది. ఆమె అక్కడి శాసనాల గురించి చదువుకుని వచ్చింది. విధికుడు అనే చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు, తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన రాతి పలకను ఆ స్తూపానికి దానం చేశాడు. అతని పేరు, వృత్తి రెండూ ఆ పలక మీద చెక్కి ఉన్నాయి. ఉపాధ్యాయుడి కొడుకు, చర్మకారుడు! రెండు వేల ఏళ్ల నాటి సంగతి. మాస్టారు కుర్చీలో ముందుకు జరిగి "ఏదీ, మళ్లీ చెప్పు" అన్నారు. అదే జిల్లాలో అంతకాలం సోషల్ చెప్పిన మనిషికి ఆ పేరు తెలియదు. తనకున్న గర్వం కన్నా పెద్ద గర్వం ఒకటి మనవరాలు తెచ్చి చేతిలో పెట్టింది.

ఈ కేసులో నేను నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఇదే. చరిత్రను నిజాయితీగా తవ్వితే సిగ్గుపడేవే దొరుకుతాయని ఇద్దరూ అనుకున్నారు. ఆయన అందుకు భయపడి తవ్వలేదు, ఆమె అందుకే కసిగా తవ్వింది. శుభ్రం చేసి చెప్పిన చరిత్రలో జమీందారుతో పాటు విధికుడు కూడా మాయమయ్యాడు. దాచినప్పుడు పోయేది తప్పు ఒక్కటే అయితే ఏమోగానీ, మన ప్రేమకు అసలైన కారణాలు కూడా దాంతోనే పోతున్నాయి.

రెండో మెట్టు స్టువర్టుపురం. తెల్లవాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు పట్టీలు నడిపారు. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర అది. స్వతంత్ర భారతం 1952లో ఆ చట్టం ఎత్తేసింది. ఈ చివరి సంగతి చెప్పడం అమ్మాయికి కష్టమైంది. "చట్టం తీసేస్తే సరిపోయిందా?" అని గొణిగింది, అయినా చెప్పింది. మిగిలింది తాతయ్య చెప్పారు: చట్టం పోయిన ముప్పై ఏళ్ల తర్వాత కూడా, క్లాసులో పెన్ను పోతే ముందు ఏ పిల్లవాడి సంచి వెతికేవాళ్లో. ఆ సంచి వెతికిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పారు.

నడుమ ఒక సెషన్ పూర్తిగా జాషువా మీద గడిచింది. అది నేను అనుకున్నది కాదు, మాస్టారే తెచ్చారు. ఆయనకు గబ్బిలం పద్యాలు కంఠతా వచ్చు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో రాసిన కావ్యం అది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలోకి వెళ్లగల గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన మొర పంపుకుంటాడు. దారిలో కనపడే ఈ దేశపు గొప్ప చోట్లన్నీ ఆ మనిషే గబ్బిలానికి మురిపెంగా చూపిస్తాడు. ఆకలినీ అవమానాన్నీ ఒక్క పిసరు తగ్గించకుండా చెబుతూనే చూపిస్తాడు. "వెలివేసిన వాడికే చేతనైంది కదా తాతయ్యా, మనకేమైంది?" అంది ఆ పిల్ల. ఆయన మాట్లాడలేదు.

చుండూరు మెట్టుకు ముందు ఆయన్ను విడిగా సిద్ధం చేశాను. మనవరాలిని క్షమాపణ అడుగుతానన్నారు. వద్దన్నాను. అన్యాయం జరిగింది ఆమెకు కాదు, క్షమించే హక్కు ఆమెకు లేదు. లేని హక్కును పదహారేళ్ల పిల్ల మీద పెడితే అది ఇంకో బరువు. వాడకు వెళ్లి చెబుతానన్నారు. దాన్నీ ఆపాను. మన గుండె తేలికపడటం కోసం వాళ్ల గుమ్మంలో వాళ్ల గాయం రేపడం సరికాదు, వినాలని వాళ్లకు ఉంటే అప్పుడు వెళ్లండి అన్నాను. జరిగింది జరిగినట్టు, సాకులు లేకుండా చెప్పడమే ఆయన పని అని అనుకున్నాం. హాజరు పట్టీ సంగతి, తొమ్మిది రోజుల సంగతి, ప్రసంగం సంగతి, అన్నీ ఆమెకు చెప్పారు.

ఇక్కడ నియమాన్ని సడలిద్దామనుకున్నాను. చుండూరులో గర్వించేదేముంటుంది? ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, తన వంతు తాను చెప్పింది. దళితుల మీద దౌర్జన్యాలను ఆపడానికి 1989లో చట్టం వచ్చింది, ఆ చట్టాన్ని పట్టుకుని కోర్టునే తమ ఊరికి రప్పించుకున్న మనుషులు ఉన్నారు. చంపినవాళ్ల మధ్యే బతుకుతూ ఏళ్ల తరబడి నిలబడి సాక్ష్యం చెప్పారు. "రాజ్యాంగాన్ని అందరికన్నా ఎక్కువ నమ్మింది వాళ్లే తాతయ్యా. నీ పెదనందిపాడు పక్కన వాళ్లను పెట్టు" అంది. కాసేపటికి "నన్ను దేశద్రోహి అన్నావు" అని కూడా అంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని ఆయన నోరు తెరిచి చెప్పారు.

ఆ తర్వాత

మరుసటి ఆగస్టు పదిహేనున స్కూల్లో ప్రసంగం మారింది. పెదనందిపాడు అలాగే ఉంది, విధికుడు వచ్చాడు, 1991లో ఖాళీగా ఉన్న బెంచీలు కూడా వచ్చాయి. ఊరి పెద్దలు కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఆ పై ఏడు ఆయనకు పిలుపు రాలేదు. అమ్మాయి ఆ రోజు వెళ్లింది, కానీ ప్రతిజ్ఞ చెప్పించలేదు, వరసలో నిలబడింది. ఆ నిర్ణయాన్ని నేను మార్చాలని చూడలేదు.

ప్రసంగం గురించి ఎవరో చెప్పగా, అప్పట్లో బడి మానేసిన పిల్లల్లో ఒకాయన విజయవాడ నుంచి ఫోన్ చేశారట. మెచ్చుకోవడానికి చేయలేదు. "ఇన్నేళ్లు ఎందుకు పట్టింది మాస్టారూ?" అని అడిగారు. మాస్టారు తన దగ్గర సమాధానం లేదన్నారు. అయినా ఆ ఫోన్ వెంటనే పెట్టేయలేదని, చాలాసేపు మాట్లాడుకున్నారని మనవరాలు చెప్పింది.

ఇంట్లో తాతా మనవరాళ్ల మధ్య మాటలు కుదిరాయి, వాదనలూ సాగుతున్నాయి. అమ్మాయి తండ్రి మాత్రం నా దగ్గరికి రావడానికి ఒప్పుకోలేదు. "నాన్న ఊళ్లో నన్ను తలెత్తుకోనివ్వకుండా చేశాడు" అన్నది ఆయన కోపం. ఆ తరం భయం వేరు, వ్యాపారం, బంధుత్వాలు, పిల్ల పెళ్లి అన్నీ దాంతో ముడిపడి ఉన్నాయి. దాన్ని ఈ కేసు తాకలేదు.

ఈ పద్ధతి వాడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఇది తప్పు జరిగిన వైపున నిలబడిన కుటుంబాలకు సరిపోయే పద్ధతి. అన్యాయానికి గురైన కుటుంబం నుంచి వచ్చిన పిల్లల దగ్గర దీన్ని వాడకండి. తర్వాత నా దగ్గరికి ఒక దళిత విద్యార్థి ఇంచుమించు ఇదే కోపంతో వచ్చాడు. అతని ముందు అమరావతి, ప్రతిజ్ఞ, మెట్లు ఏవీ పెట్టలేదు. గర్వించే భాగం నువ్వు చెప్పు అని అతన్ని అడిగే అర్హత నాకు లేదు. అతనికి కావాల్సింది తన ఇంటి కథను అడ్డు తగలకుండా వినే మనిషి, కాలేజీలో అతన్ని వేధిస్తున్నవాళ్ల మీద ఫిర్యాదు రాయడానికి సాయం. ఆ రెండూ చేశాను. దేశం గురించి ఏమనుకోవాలన్నది అతనికే వదిలేశాను.